రెండోసారి కౌన్సిలర్‌గా నిలబడేవాళ్లకి: ప్రచారం కంటే ముందు చేయాల్సిన పని

మొదటిసారి ఓటు అడిగినప్పుడు మన దగ్గర మాటలు తప్ప ఏమీ ఉండవు. జనానికీ ఆ సంగతి తెలుసు కాబట్టి మనిషి ఎలాంటివాడు, ఏ పార్టీ, ఎవరి తాలూకు అని చూసి వేసేస్తారు. రెండోసారి వెళ్లేటప్పుడు ఐదేళ్ల కాలం మనతో పాటే గడప దాకా వస్తుంది. కాలువ సగంలో ఎందుకు ఆగింది, ఎండాకాలంలో ట్యాంకర్ ఏ వీధికి ముందు వెళ్లింది, రాత్రిపూట మోటారు కాలిపోతే ఫోన్ ఎత్తారా లేదా, అన్నీ గుర్తుంటాయి వాళ్లకి. అందుకే సిట్టింగ్ కౌన్సిలర్ కొత్తవాళ్లలాగా పాంప్లెట్, మైకు, ఆటో అంటూ మొదలుపెడితే దెబ్బతింటారు. మా వదిన కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు వార్డు పనుల వెంట తిరిగాను, తర్వాత తెలిసినవాళ్లు నిలబడినప్పుడు సాయం చేశాను, ఆ అనుభవంతో రాస్తున్నాను. ఇది ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల గురించి. తెలంగాణలో చట్టం వేరు, రూల్స్ అక్కడివి చూసుకోండి, గడపలో జరిగే సంభాషణ మాత్రం రెండుచోట్లా ఒకటే.

అసలు సీటు మీకు ఉంటుందా?

చాలామంది ఇది చివరికి వదిలేస్తారు. మీ వార్డు రిజర్వేషన్ మారొచ్చు. మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలకి, వాటితో పాటు ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు, అవి రొటేషన్‌లో తిరుగుతుంటాయి. మీరు గెలిచిన జనరల్ వార్డు ఈసారి బీసీ మహిళ కావచ్చు. వార్డుల పునర్విభజన జరిగితే సరిహద్దులు కూడా మారతాయి, మీరు రోడ్డు వేయించిన రెండు వీధులు పక్క వార్డులోకి పోయి, మీ ముఖం ఎప్పుడూ చూడని వీధులు మీ దాంట్లోకి రావచ్చు. ముసాయిదా వచ్చినప్పుడు అందులో తూర్పు, పడమర హద్దులు రాసి ఉంటాయి, అది పట్టుకుని వీధులన్నీ ఒకసారి నడిచి చూడండి. అభ్యంతరం చెప్పడానికి గడువు ఇస్తారు, అది దాటాక ఎంత అరిచినా ఉపయోగం లేదు.

వార్డు పోయినంత మాత్రాన దారి మూసుకుపోదు. ఆ మున్సిపాలిటీలో ఎక్కడ ఓటున్నా ఏ వార్డు నుంచైనా నిలబడొచ్చు, ఆ వార్డు రిజర్వేషన్‌కి మీరు సరిపోతే చాలు, మిమ్మల్ని ప్రతిపాదించేవాళ్లు మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. కాకపోతే పక్క వార్డుకి వెళ్లే ఆలోచన ఉంటే రిజర్వేషన్ జాబితా వచ్చిన మర్నాడు వెళ్లి నమస్కారం పెడితే నవ్వుతారు. కనీసం ఏడాది ముందు నుంచి అక్కడి మంచిచెడులకి వెళ్తూ ఉండాలి.

ఇంకో సంగతి, పదవీకాలం. 2021 మార్చి 10న పోలింగ్ జరిగిన కౌన్సిళ్లు మార్చి 18న తొలి సమావేశం పెట్టుకున్నాయి, రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లు ఆ తొలి సమావేశం నుంచి లెక్క, అంటే 2026 మార్చితో సరి. కాలం తీరిపోయాక ఎన్నిక ఎప్పుడు జరిగితే అప్పటిదాకా ప్రత్యేకాధికారి పాలనే. 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019 జూలైలో తీరితే, 2021 మార్చి దాకా అలాగే నడిచింది. మధ్యలో 2020 మార్చిలో నామినేషన్లు వేసి ప్రచారం మొదలుపెట్టాక కరోనాతో ఎన్నిక ఆగిపోయింది, ఏడాది తర్వాత ఆగిన దగ్గర నుంచే మళ్లీ మొదలైంది. అప్పుడు అప్పు తెచ్చి మొదటి వారంలోనే ఖర్చుపెట్టేసినవాళ్ల పరిస్థితి ఏమై ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి మాజీ కౌన్సిలర్‌గా ప్రచారం చేయాల్సి వస్తుందని ముందే అనుకోండి. పదవి లేనప్పుడు కూడా వార్డు సచివాలయంలో మీ మాట వినే అమెనిటీస్ సెక్రటరీ (నీళ్లు, రోడ్ల లాంటి పనులు చూసే ఉద్యోగి), శానిటేషన్ మేస్త్రీ ఉంటే మీ ఐదేళ్లలో వాళ్లతో మర్యాదగా ఉన్నారని అర్థం, లేకపోతే ఇప్పటికైనా ఆ సంబంధాలు చక్కబెట్టుకోండి.

లెక్క తీయండి, వీధి వీధికీ

నా దృష్టిలో రెండోసారి ఎన్నిక అంతా ఈ ఒక్క పని మీదే ఆధారపడి ఉంది. ఒక నోటుబుక్ తీసుకోండి. వీధికి రెండు పేజీలు. ఆ వీధిలో అయిన పనులు రాయండి, మొదలై ఆగిపోయినవి రాయండి, జనం అడిగినా రానివి రాయండి. అయినవి ఎలాగూ గుర్తుంటాయి, గెలుపోటములు తేల్చేవి మిగతా రెండూ. ప్రతి ఆగిన పనికీ ఎక్కడ ఆగిందో రాయాలి: ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎస్టిమేట్ వేయలేదా, ఎస్టిమేట్ వేసినా కౌన్సిల్ అజెండాలోకి రాలేదా, తీర్మానం అయి టెండర్ పిలిస్తే ఎవరూ రాలేదా, కాంట్రాక్టర్ పాత బిల్లులు రాలేదని పని మధ్యలో వదిలేశాడా. ఈ నాలుగింటికీ జనానికి చెప్పే సమాధానం వేరు. "ఫండ్స్ లేవమ్మా" అని అన్నింటికీ ఒకటే పాట పాడితే ఎవరూ నమ్మరు, ఎందుకంటే పక్క వీధిలో రోడ్డు పడింది వాళ్లు చూశారు.

కాగితాలు సంపాదించండి. మీరు హాజరైన సమావేశాల అజెండాలు, తీర్మానాల కాపీలు, మీరు రాసిచ్చిన వినతిపత్రాల మీద ఆఫీసు ముద్ర ఉన్న కాపీలు. దగ్గర పెట్టుకోకపోయి ఉంటే ఆఫీసులో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫలానా నెల సమావేశంలో ఈ కాలువ గురించి నేను అడిగాను, ఇదిగో కాగితం, అని గడపలో చూపించగలిగితే ఆ పని కాకపోయినా సగం కోపం పోతుంది. అడగనే లేదంటే మాత్రం అడగలేదని ఒప్పుకోండి. అవతల కూర్చున్న పెద్దావిడకి మీకంటే బాగా తెలుసు.

డబ్బు ఎలా వస్తుందో మీకు తెలియాలి, అప్పుడే చెప్పగలరు. ఉదాహరణకి 15వ ఆర్థిక సంఘం నిధులు 2021 నుంచి 2026 దాకా వచ్చాయి కదా, మన మామూలు పట్టణాలకి అందులో 60 శాతం మంచినీళ్లకి, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది. ఆ 60 శాతంతో సీసీ రోడ్డు వేయమంటే వేయడానికి వీల్లేదు అప్పుడు. ఈ ముక్క ఒక్క నిమిషంలో చెబితే టైలరు షాపు ముందు కూర్చున్నవాళ్లు కూడా అర్థం చేసుకుంటారు, జనానికి అర్థం కాదనుకుని మనమే చెప్పడం మానేస్తాం.

మీవి కానివి మీ ఖాతాలో వేసుకోవద్దు. పింఛను రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, సచివాలయం వాళ్లు ఒకటో తారీఖున తెచ్చి ఇస్తారు. అది నేనే ఇప్పించానంటే వినేవాళ్లకి నవ్వొస్తుంది. ఆగిపోయిన పింఛను కోసం మీరు ఆధార్ తప్పు సరిచేయించి తిరిగి వచ్చేలా చేసి ఉంటే అది మీ పని, ఆ మనిషే పక్కింటివాళ్లకి చెబుతారు.

కోపంగా ఉన్న ఇళ్లకి ముందు వెళ్లండి

అందరూ తమవాళ్ల ఇళ్లతో మొదలుపెడతారు, టీ తాగుతారు, మనకే వేస్తారు అని సంతోషంగా ఇంటికొస్తారు. వద్దు. నోటిఫికేషన్‌కి ఎంతో ముందే, కండువా లేకుండా, వెనకాల పదిమంది లేకుండా, ఒక్కరో ఇద్దరో కలిసి మీ మీద కోపం ఉన్న ఇళ్లకి వెళ్లండి. ఆ ఇళ్లు ఏవో మీకు తెలుసు. ఇంటి ముందు చెత్త కుప్ప తీయించలేదని గొడవపడ్డవాళ్లు, ఇంటి ప్లాన్ అనుమతి దగ్గర మీ సాయం అందలేదనుకునేవాళ్లు, టిడ్కో ఇంటికి (పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించే ఫ్లాటు) డబ్బు కట్టి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు. టిడ్కో మీ చేతిలో లేదని మీకు తెలుసు, వాళ్ల కష్టం మాత్రం నిజం, ఇంటద్దె కడుతూ బ్యాంకు వాయిదా కూడా కట్టినవాళ్లు ఉన్నారు. వెళ్లి వినండి. వాళ్లు తిట్టేంతసేపు మధ్యలో సమాధానం చెప్పకండి. వార్డు ఎన్నికలో తేడాలు వందల్లో ఉంటాయి, ఒక్కోసారి పదుల్లోనే, ఒక్క ఇంటి కోపం చల్లారితే ఆ ఇంటి నాలుగు ఓట్లు వచ్చినా రాకపోయినా వాళ్లు వీధిలో మీ మీద చెప్పడం ఆపేస్తారు, అది చాలా పెద్ద లాభం.

పన్నుల మాట తప్పకుండా వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తిపన్ను అద్దె విలువ మీద కాకుండా స్థలం, భవనం మూలధన విలువ మీద వేయడం మొదలుపెట్టారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. ఏటా 15 చొప్పున పెరుగుతూ పోతే ఐదేళ్లకి ఎంతవుతుందో ఇంటి యజమానులకి మీరు చెప్పక్కర్లేదు, రసీదులు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. అలాగే 2021 అక్టోబరు నుంచి చెత్త పన్ను, ఇంటికి నెలకి అరవయ్యో, నూట ఇరవయ్యో, ఎక్కడ ఎంతైతే అంత. 2024లో ప్రభుత్వం మారాక అది ఎత్తేశారు. ఎత్తేశారు కదా అని మర్చిపోయారనుకోకండి. ఆ తీర్మానం మీ కౌన్సిల్ ముందుకి వచ్చినప్పుడు మీరు చేయి ఎత్తారా, అభ్యంతరం రాయించారా, ఆ రోజు రాలేదా, మినిట్స్‌లో చూసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పై నుంచి వచ్చిన నిర్ణయం అని చెప్పొచ్చు, అది నిజం కూడా, కానీ నాకేం తెలియదు అనకండి.

పార్టీ మారినవాళ్లకి ఇంకో ప్రశ్న ఉంటుంది. 2024 తర్వాత చాలా పట్టణాల్లో పాలకవర్గాలు తారుమారయ్యాయి, విశాఖలో 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం నెగ్గింది, చిన్న మున్సిపాలిటీల్లో కూడా అదే నడిచింది. మీరు ఒక గుర్తు మీద గెలిచి ఇప్పుడు ఇంకో గుర్తు మీద అడుగుతుంటే కారణం రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. వార్డు అభివృద్ధి కోసం మారాను అంటే, సరే, మారాక ఏం వచ్చిందో చూపించమంటారు. చూపించడానికి ఉంటేనే ఆ మాట అనండి.

మహిళా కౌన్సిలర్లకి ఒక మాట, వాళ్ల ఇంట్లో మగవాళ్లకి రెండు మాటలు

ఇది నాకు బాగా మనసుకి పట్టిన విషయం. సగం సీట్లలో ఆడవాళ్లు గెలుస్తున్నారు, కానీ చాలా వార్డుల్లో ఫోన్ నంబరు భర్తది, అధికారులతో మాట్లాడేది భర్త, ఫ్లెక్సీలో ఆవిడ ఫోటో పక్కన అంతే సైజులో ఆయన ఫోటో. మొదటిసారి జనం సర్దుకుంటారు. రెండోసారి ఆడవాళ్ల ఓటు ఆవిడకే పడాలంటే ఆవిడ గురించి వాళ్లకి తెలిసి ఉండాలి కదా. కుళాయి దగ్గర, డ్వాక్రా సంఘం సమావేశంలో, అంగన్‌వాడీ దగ్గర ఆవిడ నేరుగా మాట్లాడాలి, మెప్మా ఆర్పీలకి (పట్టణ మహిళా సంఘాల పనులు చూసేవాళ్లు) ఆవిడ నంబరే ఉండాలి. ప్రచారంలో ఇంటింటికీ వెళ్లేటప్పుడు భర్త వీధి చివర నిలబడితే చాలు. మా వదిన మొదట్లో సమావేశాల్లో మాట్లాడటానికి భయపడేది, అజెండా ముందు రోజు రాత్రి చదివి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నాక ఇంజనీర్లు ఆవిడ అడుగుతుందని సమాధానాలతో రావడం మొదలైంది. ఇది ఎవరైనా చేయగలిగేదే. అన్నయ్యలూ, బావలూ, దయచేసి ఆ చోటు ఆవిడకి వదిలేయండి.

ఓటర్ల జాబితా

కూర్చుని చేయాల్సిన పని, ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ గెలుపు ఇక్కడే ఉంది. వార్డు జాబితా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తీస్తారు, అందులో పేరు లేనివాళ్లు ఇక్కడా ఉండరు. జాబితాని వీధుల వారీగా విడగొట్టి, వీధికి ఇద్దరు మనుషులకి ఇచ్చి, ప్రతి పేరు పక్కన రాయించండి: ఉన్నారా, చనిపోయారా, పెళ్లై వెళ్లారా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగమా. 2021లో మీకు ఓటేసినవాళ్లలో కొంతమంది ఊరి బయట కొత్త కాలనీలకీ, టిడ్కో ఇళ్లకీ వెళ్లిపోయారు, పేరు మాత్రం పాత చిరునామాలోనే ఉంటుంది. వాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడే తీసుకోండి. పద్దెనిమిది నిండిన పిల్లలకి ఫారం 6 (కొత్త ఓటు దరఖాస్తు) పెట్టించండి, కొత్త ఓటర్లకి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే కాబట్టి ఏడాదంతా అవకాశం ఉంది. ఒకే ఇంట్లోవాళ్ల ఓట్లు రెండు వార్డుల్లోకి చీలిపోయాయేమో కూడా చూడండి, ముసాయిదా వార్డు జాబితా మీద అభ్యంతరాల గడువులోనే అది సరిచేయించాలి.

టికెట్, నామినేషన్

మీరే తమ అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బీ-ఫారం చేతిలో పడేదాకా టికెట్ వచ్చిందనుకోవద్దు. సిట్టింగ్ కదా నాకు కాక ఎవరికిస్తారు అనే ధీమాతో ఉండగా చివరి రోజు వేరేవాళ్లకి ఇచ్చిన సందర్భాలు ప్రతి ఎన్నికలోనూ ఉంటాయి. రాకపోతే ఇండిపెండెంట్‌గా దిగుతారా లేదా అన్నది కోపంలో నిర్ణయించుకోకండి, గుర్తు లేకుండా మీ సొంత ఓటు ఎంతో ఆ నోటుబుక్ చూసి లెక్కేసుకోండి.

ఇంటిపన్ను, నీటిపన్ను బకాయి ఒక్క రూపాయి లేకుండా కట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ ముందే తీసుకోండి. మీ పేరు మీద మున్సిపాలిటీలో కాంట్రాక్టు ఏదైనా నడుస్తుంటే అది అనర్హత దాకా వెళ్తుంది, అలాంటిదేమైనా ఉంటే లాయర్‌తో మాట్లాడండి. రిజర్వుడు వార్డైతే కుల ధ్రువీకరణ పత్రం. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి, ఇక్కడ సిట్టింగ్ వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన సంగతి ఉంది: మీ 2021 అఫిడవిట్ ప్రత్యర్థి దగ్గర ఉంటుంది. అప్పుడు లేని స్థలం ఇప్పుడు కనిపిస్తే అది ఎలా వచ్చిందో అడుగుతారు, అప్పుడు రాసిన కేసు ఇప్పుడు రాయకపోతే దాన్నీ పట్టుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని నింపండి. ఖాళీ గడి వదలకండి, ఏమీ లేకపోతే లేదు అని రాయండి.

షెడ్యూల్ వచ్చిన క్షణం నుంచి ఎన్నికల కోడ్ ఉంటుంది. కొత్త శంకుస్థాపనలు, ఆఫీసు లెటర్‌హెడ్, ఆఫీసు బండి, అన్నీ బంద్. అందుకే ఆగిన పనులు కదిలించాలంటే ముందే కదిలించాలి. చివరి నెలలో హడావుడిగా కంకర పోయించి వదిలేయడం కంటే అసలు పోయించకపోవడం నయం, ఆ కంకర మీద బండి జారి పడ్డవాళ్లు ఓటెలా వేస్తారు?

డబ్బు పంచడం గురించి సూటిగా చెబుతాను. పంచకండి. పట్టుబడితే గెలిచినా పదవి పోయే కేసవుతుంది, పట్టుబడకపోయినా ఆ అప్పు తీర్చడానికి వచ్చే ఐదేళ్లు మీరు చేయకూడని పనులు చేస్తారు. అవతలివాళ్లు పంచుతున్నారని మీవాళ్లు టెన్షన్ పెడతారు, పోలింగ్ ముందు రోజు రాత్రి ఆ ఒత్తిడి మామూలుగా ఉండదు. ఆ రాత్రి చేయాల్సిన పని ఓటరు స్లిప్పులు అందని ఇళ్లు చూసుకోవడం, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బస్సెక్కారో లేదో కనుక్కోవడం.

పోలింగ్, లెక్కింపు, ఆ తర్వాత

2021లో మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ పేపర్ మీద జరిగాయి. ఈసారి ఏది వాడతారో ప్రకటన చూసుకోండి, బ్యాలెట్ అయితే మాత్రం చెల్లని ఓట్ల మీద శ్రద్ధ పెట్టాలి. ఇద్దరి గుర్తుల మీద ముద్ర వేసినా, ఎవరికి వేశారో తేలకుండా గీత మీద పడినా, వేలిముద్రో సంతకమో పెట్టినా ఆ ఓటు పోయినట్టే. పెద్దవాళ్లకి నమూనా కాగితం మీద చూపించి, ముద్ర ఎక్కడ వేయాలో, ఇంకు అవతలి గుర్తుకి అంటకుండా ఎలా మడవాలో నేర్పించండి. ఏజెంటుగా మాటకారిని కాకుండా వీధిలో అందరి ముఖాలూ తెలిసినవాళ్లని కూర్చోబెట్టండి. లెక్కింపులో ఏజెంటు కళ్లు కట్టల మీదే ఉండాలి, మీ ఓటు పక్కవాళ్ల కట్టలోకి పోతే అప్పటికప్పుడు చెప్పాలి, రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించకముందే రాతపూర్వకంగా అడగాలి. ఒక్క వార్డు విలువ ఎంతో తాడిపత్రి చూడండి: 2021లో 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంట్‌కి ఒకటి. ఆ లెక్కలోనే చైర్మన్ పీఠం టీడీపీకి వెళ్లింది.

గెలిచినా ఓడినా ఒక పని మిగిలి ఉంటుంది, ఓడినవాళ్లు ఎక్కువగా దీన్నే వదిలేస్తారు. ఎన్నికల ఖర్చుల లెక్క ఫలితం వచ్చిన 45 రోజుల్లో అధికారులకి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. నామినేషన్ రోజు నుంచే ఒక మనిషికి రిజిస్టర్ అప్పగించి, టీ బిల్లు, టెంటు బిల్లు, ఆటో అద్దె, పాంప్లెట్ ప్రింటింగ్, ప్రతి రసీదూ అందులో అంటించమనండి. ఆ రిజిస్టర్ ఇచ్చాక ముద్ర వేసిన కాపీ తీసుకోండి, వీధుల నోటుబుక్ పక్కనే పెట్టండి.